ఏది ఖాళీగా ఉంటే అది

"అమ్మా, ఎనిమిదో గది ఇచ్చేశాను" అన్నాడు కొడుకు, కౌంటరు దగ్గర్నుంచే, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

తాళాలమ్మ అప్పుడే డాబా మీంచి ఆరిన దిండు గలీబులు ఎత్తుకుని మెట్లు దిగుతోంది. దొంతర గడ్డం దాకా ఉంది. మాట చెవిన పడ్డా ఆగలేదు. మెట్ల మధ్యలో ఆగితే మోకాలు పట్టేస్తుంది, మళ్ళీ కదలనంటుంది. కిందికంటా దిగి, దొంతర బల్ల మీద దించి, నడుము నిటారు చేసుకుని అప్పుడు అడిగింది.

"ఇచ్చేశావా? నిన్ననేగా నన్ను అందులోకి మార్చావు."

"పరీక్షల జనం అమ్మా. బస్సు దిగి తిన్నగా మన గుమ్మంలోకే వస్తున్నారు. నీకు తెలియందేముంది."

నీకు తెలియందేముంది. ఈ మధ్య కొడుకు ఈ ముక్క ఒకటి పట్టుకున్నాడు. తల్లి నోరు మూయించడానికి కసరక్కర్లేదు, కాస్త పొగిడితే చాలునని వాడికెవరు నేర్పారో గాని, బాగానే నేర్పారు. ఆమెకి తెలుసు. తెలియకేం? భర్త పోయిన ఏడాది మొదలు ఈ లాడ్జి తాళాల గుత్తి ఆమె నడుముకే వేలాడింది. ముందు గలగల వినిపించేది, వెనక మనిషి కనిపించేది. ఊళ్ళో ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు గుత్తి కౌంటరు సొరుగులో ఉంది, పేరొక్కటే ఆమె దగ్గర మిగిలింది. పేర్లు కూడా రాసిచ్చే వీలుంటే అదీ రాసిచ్చేసి ఉండేది. ఆమె సంగతి అంతే.

"మరి నా సంచి?"

"దుప్పట్ల గదిలో పెట్టించాను. రెండ్రోజులు సర్దుకో. ఏదో ఒకటి ఖాళీ అవగానే అందులోకి వెళ్దువుగాని."

సంచి అనగానే ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. మధ్యాహ్నం భోంచేశాక చిగుళ్ళు మండుతుంటే పళ్ళ సెట్టు తీసి, ఎనిమిదో గది బాత్రూములో గ్లాసెడు నీళ్ళలో వేసింది. గలీబులు తెచ్చాక పెట్టుకుందాంలే అనుకుంది. సంచి సర్దినవాళ్ళు బాత్రూములో గ్లాసు చూస్తారా? తెచ్చుకుందామని మెట్లవైపు తిరిగిందో లేదో, పైనుంచి చెప్పుల చప్పుడు. ఎనిమిదిలో దిగిన పెద్దమనిషి వస్తున్నాడు. చెయ్యి బారుగా చాచి, చచ్చిన బల్లిని పారేయడానికి తెస్తున్నట్టు గ్లాసు పట్టుకొస్తున్నాడు.

"ఏమిటండీ ఇది? మా అమ్మాయి మొహం కడుక్కుందామని వెళ్ళి కెవ్వుమంది. ఎల్లుండి పరీక్ష రాయాల్సిన పిల్ల. ఇదేనా మీ శుభ్రం?"

గ్లాసు కౌంటరు మీద పెట్టాడు. నీళ్ళలో పళ్ళు అటూ ఇటూ కదిలి ఊరుకున్నాయి. కొడుకు గ్లాసు వంక చూశాడు. తర్వాత తల్లి వంక చూశాడు. ఆ చూపులో అనుమానమేమీ లేదు, ఎవరివో వాడికి తెలుసు. ఆమె పెదాలు లోపలికి లాక్కుని, గలీబు ఒకటి తీసి మడతపెట్టసాగింది.

"క్షమించండి సార్" అన్నాడు కొడుకు. "ఎవరో పాత గెస్టు మర్చిపోయినట్టున్నారు. ఎవరో ముసలావిడ."

"ముసలివాళ్ళకి గదులిచ్చేటప్పుడు కాస్త చూసుకోవాలండీ."

"ఇకనుంచి చూసుకుంటాం సార్."

ఆమె ఆ క్షణాన "అవి నావి నాయనా" అని ఉండొచ్చు. అనలేదు. గెస్టు ముందు లాడ్జి పరువు తీయకూడదు, తిట్టినా కొట్టినా అతను మెట్లెక్కి వెళ్ళేదాకా నోరెత్తకూడదు. ఆ కట్టడి పెట్టింది ఆమే. చీపురు పట్టేవాళ్ళ దగ్గర్నుంచి కొడుకు దాకా అందరికీ నేర్పింది ఆమే. పెద్దమనిషి మెట్లెక్కాడు. కొడుకు ఇప్పుడంటాడు, "ఏమనుకోకమ్మా, నోటికొచ్చిందేదో చెప్పాను" అని ఇప్పుడంటాడు అనుకుంటూ ఇంకో గలీబు మడిచింది. ఇంకోటి మడిచింది. ఇంతలో మరో కుటుంబం పెట్టెలు దొర్లించుకుంటూ లోపలికొచ్చింది. కొడుకు గ్లాసు తీసి, గెస్టులు మర్చిపోయిన సామాన్లు ఉంచే వెనక బీరువాలో గొడుగుల, ఫోను ఛార్జర్ల పక్కన పెట్టి, మూసేశాడు.

"రండి సార్, రండి. గదులున్నాయి" అన్నాడు వచ్చినవాళ్ళతో.

దుప్పట్ల గదికి కిటికీ లేదు. మూడువైపులా ఇనుప అరలు, నాలుగోవైపు తలుపు, దాని అవతల నీళ్ళ మోటారు. మోటారు వేసినప్పుడల్లా అరలు సన్నగా వణుకుతాయి. ఉతకాల్సిన దుప్పట్ల మూట మీద ఒక చాప పరుచుకుని ఆమె ఆ రాత్రి గడిపింది. ఈ గదికి లోపల గడియ కూడా లేదు. ఎవరు ఎప్పుడు ఏ దుప్పటి కోసం వస్తారో అని చీర సర్దుకుని సర్దుకునే తెల్లవార్చింది.

పొద్దున్నే దుప్పట్లు మార్చే ఆవిడ టీ, రెండు బ్రెడ్డు ముక్కలూ తెచ్చింది. గదులు ఊడ్చేదీ తుడిచేదీ కూడా ఆవిడే. తాళాలమ్మ ఇచ్చిన ఉద్యోగమే, ఆమె పోయేదాకా ఉంటానని ఒట్టేసిన మనిషి. తలుపు తీసి ఒక్క నిమిషం గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇక్కడ పడుకున్నారా పెద్దమ్మా?"

"పడుకోలేదు, కూర్చున్నాను" అంది తాళాలమ్మ. పళ్ళు లేక మాట తడబడింది. బ్రెడ్డు టీలో ముంచి చప్పరించింది.

"పళ్ళేవీ?"

"మర్చిపోయిన సామాన్లలో."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వి, పెద్దమ్మ మొహం చూసి, చీపురు గోడకి ఆనించి పక్కన చతికిలబడింది. "నేను తెచ్చిపెట్టనా?"

"నువ్వు తీస్తే దొంగవంటారు. నేనే పోతాలే."

"నాకు తెలియక అడుగుతాను పెద్దమ్మా. అంత లాడ్జి రాసిచ్చేటప్పుడు ఒక్క గది, ఒక్కటంటే ఒక్కటి, మీ పేరున ఉంచుకోకపోయారా? నాది రేకుల ఇల్లు. వానొస్తే లోపలే ముందు తడుస్తాం. అయినా నా మంచం నాది."

పంపకాల రోజు దస్తావేజు రాసే ఆయనా అదే అడిగాడు. కలం పైకెత్తి మరీ అడిగాడు. "అమ్మా, తమరుండటానికి ఏదైనా ఒక గది ప్రత్యేకించి రాయమంటారా?" అని. ఆమె నవ్వింది. పిల్లలిద్దరూ చెరో పక్క నిలబడి ఉండగా, ఎంతో గర్వంగా నవ్వి, "ఎందుకండీ, సంపాదించే గదిని నాకోసం తాళం వేసి పెట్టడం? ఇన్ని గదులున్న చోట నాకు చోటుండదా? ఏది ఖాళీగా ఉంటే అందులో పడుకుంటాను" అంది. ఇల్లున్న మనిషి ఎవరూ ఆ మాట అనరు. పొలమున్న మనిషీ అనరు. గది అంటే రోజూ ఎవరికో ఒకరికి ఇవ్వాల్సిందేనని బతికిన లాడ్జి మనిషి మాత్రమే అనగలదు. అనేసింది. రాసే ఆయన కలం దించి పక్క పేజీ తిప్పాడు.

"బుద్ధి గడ్డి తింది" అంది తాళాలమ్మ, టీ గ్లాసు కింద పెట్టి.

కౌంటరులో కొత్తాయన కూర్చున్నాడు. బస్టాండులో టికెట్లిచ్చి రిటైరయిన మనిషి, ఆ పూటే చేరాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఆమె వంక మర్యాదగా చూశాడు. ఎదుట కుర్చీల్లో ఎనిమిదో గది పెద్దమనిషి పేపరు చదువుతున్నాడు. కొడుకు పక్కనే నిలబడి మంచినీళ్ళ డబ్బాలు దింపించుకుంటున్నాడు.

"ఆ బీరువాలో నాదొక వస్తువుందండీ" అంది ఆమె, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"ఏ గదిలో దిగారమ్మా?"

"ఎనిమిది."

"ఎప్పుడు ఖాళీ చేశారు?"

"నేను చెయ్యలేదు. చేయించారు."

కొత్తాయనకి అది అర్థం కాలేదు. "వస్తువేమిటో, గుర్తేమిటో చెప్పాలమ్మా. అలా చెప్తేనే గాని ఇవ్వొద్దని ఇక్కడ రూలట."

ఆ రూలూ ఆమెదే. ఒకరి గొడుగు ఇంకొకరు పట్టుకుపోకుండా పెట్టింది. ఏం చేస్తుంది, చెప్పింది. "పళ్ళ సెట్టు. కింది వరసలో ఎడంపక్క ఒకటి విరిగి ఉంటుంది."

పేపరు కిందికి దిగింది. పెద్దమనిషి ఆమెని ఎగాదిగా చూశాడు. కొత్తాయన బీరువా తీసి, గ్లాసు వెలుగులో పెట్టి, వంగి ఎడంపక్క చూశాడు. చూసి తృప్తిగా తలూపాడు. "సరిపోయింది. ఈవిడ మనకి తెలిసినావిడేనా సార్?" అని కొడుకుని అడిగాడు.

నీళ్ళ డబ్బా భుజం మీదున్నవాడు కూడా ఆగాడు. కొడుకు పెద్దమనిషి వైపు ఒక చూపు, డబ్బాల వైపు ఒక చూపు చూశాడు.

"ఆఁ, తెలిసినావిడే. ఇచ్చెయ్యండి, ఇచ్చెయ్యండి."

తెలిసినావిడే. తాళాలమ్మ గ్లాసు అందుకుని చేతులు కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళింది. కుళాయి విప్పింది. పళ్ళు కడిగి పెట్టుకుంటుంటే ఒకసారి జారి తొట్టిలో పడ్డాయి. మళ్ళీ కడిగింది. అవి నోట్లో కుదురుకున్నాక చాలాసేపు అక్కడే నిలబడి, కుళాయి కట్టకుండా, నీళ్ళు పోతుంటే చూసింది. జన్మలో చుక్క నీరు వృథా పోనివ్వని మనిషి.

పెద్దమనిషి లేచి వెళ్ళాక కొడుకుని మెట్ల పక్కకి పిలిచింది.

"ఒక్క గది ఇయ్యరా నాకు. ఏసీలొద్దు, రోడ్డు వైపు కిటికీలొద్దు. పొద్దున ఎక్కడ లేస్తానో రాత్రి అక్కడే పడుకునేటట్టు ఒక్కటి. నా సంచి నేను విప్పుకునేటట్టు."

"ఇవ్వనన్నానా అమ్మా? సీజను అయిపోనీ."

"ఈ సీజను అయితే పెళ్ళిళ్ళ సీజను. అదయితే సెలవులు. లాడ్జికి సీజను కానిదెప్పుడు? మేడ మీద నా వంటిల్లూ నా పడకా ఉన్న చోట ఏసీ గదులు కట్టావు. కట్టేటప్పుడూ ఇదే చెప్పావు."

"అవి కట్టకపోతే అప్పు ఎలా తీరుతుందమ్మా? ఇంటికి రమ్మంటే నీకూ నీ కోడలికీ పొసగదు."

"నన్ను నువ్వు రమ్మన్నదెప్పుడు?"

వాడు మెడ రుద్దుకున్నాడు. కళ్ళ కింద నల్లగా ఉంది, రెండ్రోజులుగా వాడికీ నిద్ర లేదు. చెడ్డవాడయితే ఎంత బాగుండును. నాలుగు తిట్టి, దుమ్మెత్తిపోసి, బయటికి నడిచేది. వీడు చెడ్డవాడు కాడు, తీరికలేనివాడు. తీరికలేనివాడిని తిట్టడానికి కూడా తీరిక దొరకదు.

"నువ్వే అన్నావుగా అమ్మా, ఏది ఖాళీగా ఉంటే అదని. అందరి ముందూ అన్నావు. నేనేమన్నా నీ మాట దాటానా?" అన్నాడు మెల్లిగా. ఫోను మోగింది. వెళ్ళిపోయాడు.

కింద రోడ్డు మీదికున్న కొట్టు కూతురి వాటాకి వచ్చింది. కూతురూ అల్లుడూ అందులో కళ్ళజోళ్ళు అమ్ముతారు. గోడల నిండా ఖాళీ ఫ్రేములు, ఎటు చూసినా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. తాళాలమ్మ వెళ్ళేసరికి కూతురు ఒక ముసలాయన కళ్ళజోడు విప్పి, సూదంత స్క్రూడ్రైవరుతో కమ్మీ బిగిస్తోంది.

"రామ్మా, కూర్చో. మొహం అలా పీక్కుపోయిందేం?"

తాళాలమ్మ పళ్ళ సంగతి చెప్పలేదు. దుప్పట్ల గది సంగతీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది. ఆ ముసలాయన డబ్బులిచ్చి వెళ్ళేదాకా ఆగి, "నీ దగ్గర కొన్నాళ్ళుందామని" అంది.

కూతురు స్క్రూడ్రైవరు సొరుగులో పడేసింది. "ఉందువుగాని, ఎందుకుండవు? కాని ఎక్కడమ్మా? ఉన్నవి రెండు గదులు. మామగారు హాల్లో సోఫా మీద పడుకుంటున్నారు. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది నా సంసారం."

"డోలు నేనా?"

"అబ్బ, సామెతకన్నానమ్మా. ప్రతిదానికీ పట్టుకోకు." కూతురు గుడ్డ తీసుకుని అద్దం తుడవసాగింది. శుభ్రంగానే ఉన్న అద్దాన్ని మళ్ళీ మళ్ళీ తుడిచింది. "అయినా న్యాయంగా చెప్పు. గదులన్నీ అన్నయ్యకిచ్చావు. నాకొక షట్టరూ నాలుగు గోడలూ ఇచ్చావు. నేను నోరెత్తానా? ఇద్దరికీ సమానమే అన్నావు, సరే అన్నాను. గదులు వాడివి అయినప్పుడు నిన్ను చూసుకునేది కూడా వాడే కదా. వాడి వాటాలో నువ్వూ ఉన్నావు."

"అంటే నన్ను కూడా నేనే పంచేశానన్నమాట."

"నేనలా అన్నానా?" కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. అదే కడుపు మండించేది. ఇద్దరు పిల్లలకీ ఆమె మీద ప్రేమ ఉంది, చోటే లేదు. "నా బాధ నీకెలా తెలుస్తుంది? పోనీ, వాళ్ళెవరో పెద్దవాళ్ళకోసం ఇల్లు నడుపుతున్నారట. చాలా బాగుంటుందట. ఒక్కొక్కరికి ఒక్కొక్క గదట."

"అక్కడ మాత్రం ఖాళీ ఉండొద్దూ?"

కూతురు ముక్కు తుడుచుకుని నవ్వేసింది. తల్లి జోకు వేసిందంటే గండం గడిచిందనుకుంది కాబోలు. చటుక్కున లేచి, "ఇలా కూర్చో, నీ కళ్ళు చూస్తాను. ఆ అద్దాల నిండా గీతలే. కొత్తవి చేయించి ఇస్తా, నీ దగ్గర డబ్బులు తీసుకుంటానా ఏమన్నా" అంటూ ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టింది. ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టి, ఒక్కొక్క అద్దం మారుస్తూ గోడ మీది అక్షరాలు చదవమంది. తాళాలమ్మ చదివింది. పై వరస చదివింది, మధ్య వరస చదివింది, చీమల్లాంటి అడుగు వరస కూడా తడుముకోకుండా చదివింది.

"నీ కళ్ళకేం ఢోకా లేదమ్మా."

"అవును. అన్నీ కనిపిస్తున్నాయి" అంది తాళాలమ్మ.

ఆ రాత్రి కూడా దుప్పట్ల మూట మీదే. మర్నాడు పొద్దున్నే ఎనిమిదివాళ్ళు పెట్టెలు సర్దుకుని వెళ్ళారు. అమ్మాయి పరీక్ష అయ్యాక అటునుంచి అటే ఊరెళ్ళిపోతారట. దుప్పట్లావిడ గది ఊడ్చి, తుడిచి, పక్క మార్చి, "పెద్దమ్మా, చూసుకోండి" అని కేకేసి బకెట్టు తీసుకుని బయటికొచ్చింది.

చూసుకోవడం తాళాలమ్మ పని. తాళాలు పోయినా ఈ పని మాత్రం ఎవరూ ఆమె చేతిలోంచి తీసుకోలేదు, ఎవరికీ అంత ఓపిక లేక. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఫ్యాను వేసి, ఆపింది. కుళాయి విప్పి, కట్టి, చుక్క కారుతోందేమో చెయ్యి పెట్టి చూసింది. దిండు ఎత్తి కింద చూసింది. మంచం కింద వంగి చూసింది. కిటికీ రెక్క తోసి, లాగింది. అన్నిటికంటే ఆఖరున తలుపు గడియ. గడియ సరిగా పడని గదిని ఆడపిల్లలున్నవాళ్ళకి ఇవ్వకూడదని ఆమె పట్టుదల. గడియ పట్టుకుని జరిపింది. నూనె పెట్టిన గడియ, మెత్తగా జారి టక్కున పడింది.

ఇప్పుడు వెనక్కి తీయాలి. తీసి, బయటికి వచ్చి, "సరే, ఇచ్చుకోండి" అని కేకెయ్యాలి. ఇన్నేళ్ళూ చేసింది అదే. చెయ్యి గడియ మీదే ఉంది. గది నిశ్శబ్దంగా ఉంది. తడినేల ఆరుతున్న వాసన. బయట మెట్ల మీద ఎవరివో అడుగులు, ఎవరిదో నవ్వు, అవన్నీ తలుపుకి అవతల ఉన్నాయి. ఈ గడియని ఎన్నివేలసార్లు వేసి చూసిందో, వేసిన ప్రతిసారీ ఇంకొకళ్ళ కోసమే. చెయ్యి తీసేసింది. గడియ అలాగే ఉంచి వచ్చి మంచం మీద కూర్చుంది. ఏం చేస్తున్నానో అని భయమేసింది. అయినా లేవలేదు.

"ఇదేనండీ గది, మంచి గాలి వస్తుంది" అంటూ కొడుకు గొంతు. తలుపు తోశాడు. రాలేదు. "లోపలెవరు?"

"పెద్దమ్మ గది చూస్తున్నారండి" అంది దుప్పట్లావిడ.

"అమ్మా, అయిందా? తలుపు తియ్యి."

"అవలేదు."

"ఇంకెంతసేపు? గెస్టులు వచ్చారు."

"వేరే గది ఇవ్వు."

"వేరేవి లేవు. ఇదొక్కటే ఉంది." కొడుకు గొంతు తగ్గించాడు. తలుపు సందులో నోరు పెట్టి మాట్లాడుతున్నాడు. "అమ్మా, ఏమిటిది? వాళ్ళు పెట్టెలతో నిలబడ్డారు. పరువు తీయకు. సాయంత్రం మనం మాట్లాడుకుందాం. తియ్యి."

పరువు అన్న మాటకి ఆమె లేచింది. ఒంట్లో పట్టిన అలవాటు, చెప్పకుండానే లేచింది. బయట ఒకావిడ గొంతు, ఒక ఆడపిల్ల గొంతు. పిల్ల "అమ్మా, నేను ఇక్కడే కూర్చుని చదువుకోనా?" అంటోంది. పాపం, ఎవరో పిల్ల మెట్ల మీద కూర్చుని చదువుకోవడమేమిటి, తన లాడ్జిలో. తాళాలమ్మ తలుపు దాకా వచ్చింది. ఇంతలో కింద నుంచి కూతురు వచ్చినట్టుంది, కొడుకే ఫోను చేసి పిలిచాడేమో. ఇద్దరూ గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు.

"నువ్వు అమ్మనేమన్నావు? నిన్న నీ కొట్టుకొచ్చింది."

"నేనేమంటాను? కొత్త కళ్ళద్దాలు చేయిస్తానన్నాను. నువ్వేం చేశావో అది చెప్పు."

"నీ ఇంటికి తీసుకుపో కొన్నాళ్ళు."

"లాడ్జి ఎవరిది? నువ్వే చూసుకో."

తలుపుకి ఇవతల తాళాలమ్మ అంతా వింది. అటో తోపు, ఇటో తోపు. బంతి ఎవరి కాళ్ళ దగ్గర పడ్డా వాళ్ళు తన్నేదే. అప్పుడు బయటున్న గెస్టు ఆవిడ అడిగింది, విసుగు లేకుండానే అడిగింది.

"లోపల ఎవరండీ ఉన్నది?"

గుసగుసలు ఆగిపోయాయి. తాళాలమ్మ తలుపుకి చెవి ఆనించింది. చెప్తాడా? ఎవరో ముసలావిడ అంటాడా, తెలిసినావిడ అంటాడా? ఒక్కసారి చెప్పనీ. ఇంతమంది ముందు ఒక్కసారి నోరారా చెప్పనీ, తలుపు తీసేస్తాను, నా గది గొడవ వదిలేస్తాను, ఆ మూటల మీదే పడుకుంటాను, చచ్చేదాకా మళ్ళీ గది మాట ఎత్తను. అలా అనుకుంది, మనసారా అనుకుంది. చెయ్యి గడియ మీద వేసి నిలబడింది.

"మా అమ్మండీ" అన్నాడు కొడుకు.

ఎన్నాళ్ళయిందో ఆ మాట ఇంకొకళ్ళకి చెప్తుంటే విని. కళ్ళు చెమర్చాయి. గడియ సగం దాకా వచ్చింది.

"ఏమీ అనుకోకండి" అంటున్నాడు వాడు, "ఈమధ్య ఆవిడకి మతి సరిగ్గా ఉండటం లేదు."

"అవునండీ, వయసు" అంది కూతురు వెంటనే. "ఏం చేస్తున్నదీ ఆవిడకే తెలియదు."

ఆస్తి పంచిన నాటినుంచీ ఆ ఇద్దరూ దేనిమీదా ఒక్క మాటకి రాలేదు. కరెంటు మీటరు మీద రాలేదు, మెట్ల కింద జాగా మీద రాలేదు, ఆమె మీద అసలే రాలేదు. ఇప్పుడు వచ్చారు. ఎంత చక్కగా వచ్చారు, ఒకరు అందిస్తే ఇంకొకరు అందుకున్నారు.

తాళాలమ్మ సగం దాకా వచ్చిన గడియని మళ్ళీ లోపలికి నెట్టింది. ఈసారి మెత్తగా పడనివ్వలేదు. ఆ చప్పుడు బయటికి వినిపించింది.

"పోనీలెండి, పెద్దావిడని విసిగించకండి" అంది గెస్టు ఆవిడ. "ఎదురుగా ఇంకో లాడ్జి ఉందిగా. పదవే." పెట్టె చక్రాలు మెట్లమీద ఒక్కొక్కటిగా దిగడం వినిపించింది. దుప్పట్లావిడ బకెట్టు చప్పుడు కూడా ఎక్కడికో వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళి మంచం మీద పడుకుంది. ఇంతకాలం ఏ గదిలో పడుకున్నా దుప్పటి నలక్కుండా ఒక వార ఒదిగి పడుకునేది, మర్నాడు ఇంకొకళ్ళకి ఇవ్వాలి కదా అని. ఇవాళ మంచం మధ్యలో కాళ్ళు బారజాపి పడుకుంది. ఫ్యాను వేసుకోవడం మర్చిపోయింది. ఒళ్ళంతా చెమట. భోజనం ఎవరు పెడతారో తెలియదు. తలుపు పగలగొడతారేమో తెలియదు. నిజంగానే మతి పోయిందేమో, అదీ తెలియదు. ఏడుపొస్తే ఏడ్చింది, చప్పుడేమీ దాచుకోలేదు.

బయట పిల్లలిద్దరూ ఇంకా వెళ్ళలేదు. చాలాసేపటికి కొడుకు మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చాడు. కోపం పోయింది, గొంతులో అలసట మిగిలింది. వాడి నోట వచ్చిన మాట మాత్రం కౌంటరులో వచ్చినవాళ్ళందరినీ అడిగే మాటే, ఒకప్పుడు ఆమె అడిగిన మాటే.

"ఎన్నాళ్ళుంటావమ్మా ఇందులో?"

తాళాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఉన్నన్నాళ్ళూ" అంది.